విమానంల ఎంత దూరం, ఎన్ని గంటలు? టికెట్ చూసి కాదు, మనమే లెక్క కట్టుకుందాం (హైదరాబాద్–దుబాయ్ లెక్కతో సహా)

శంషాబాద్ నుంచి దుబాయ్ టికెట్ ఒకటి చేతిల పట్టుకోండి. పొద్దున 10:00కి లేస్తది, మధ్యాహ్నం 12:30కి దిగుతది అని ఉంటది. అదే దుబాయ్ నుంచి వచ్చే టికెట్‌ల రాత్రి 10:00కి లేస్తది, తెల్లారుజామున 3:00కి దిగుతది అని ఉంటది. పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా? దూరం అదే, విమానం అదే, మరి ఇట్లెట్ల అయితది అని మన నల్గొండ, పాలమూరు దిక్కు ఇండ్లల్ల మస్తు మంది అడుగుతరు. అసలు లెక్క ఏంటంటే పోయేటప్పుడు దగ్గర దగ్గర 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు. టికెట్ మీద అంకెలు అబద్ధం కాదు, కాకపోతే అవి రెండు ఊర్ల గడియారాలు, ప్రయాణం టైం కాదు. (10:00, 12:30 అన్నవి నేను లెక్క కోసం పెట్టుకున్న టైములే, మీ టికెట్‌ల వేరే ఉంటయ్.)

దూరం, గాల్లో ఉండే టైం, టికెట్ టైం, గడియారం తేడా, ఈ నాలుగూ వేరు వేరు. వీటిని ఒకదాంట్ల ఒకటి కలిపేస్తేనే గందరగోళం. ఒక్కొక్కటే విడదీసి చూద్దాం. ఫోన్‌ల కాలిక్యులేటర్ చాలు, పదో తరగతి లెక్కలు యాదికుంటే ఇంకా మంచిది.

మొదలు: ఏ ఎయిర్‌పోర్టో ఖాయం చేసుకోండి

ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్టు కోడ్ చూడాలె. శంషాబాద్‌ది హెచ్‌వైడి, దుబాయ్‌ది డీఎక్స్‌బీ. ఇదెందుకు చెప్తున్న అంటే దుబాయ్‌కి ఇంకో ఎయిర్‌పోర్టు ఉంది, దాని కోడ్ డీడబ్ల్యూసీ. గోవాకి కూడా 2023 నుంచి రెండు, పాత డబోలిమ్ జీఓఐ, కొత్త మోపా జీఓఎక్స్. లండన్ అయితే చెప్పనే అక్కర్లేదు. మన హైదరాబాద్‌కే తీసుకోండి, 2008 మార్చి దాకా హెచ్‌వైడి అంటే బేగంపేట, శంషాబాద్ మొదలైనంక ఆ కోడ్ ఇటొచ్చింది, బేగంపేట బీపీఎం అయింది. యాడనో పాత పట్టిక దొరికి దాంట్ల హైదరాబాద్ అక్షాంశం తీసుకుంటే అది బేగంపేటది అయ్యే చాన్స్ ఉంది. లెక్కల ఇరవై కిలోమీటర్ల తేడా పెద్దది కాదు గని, టాక్సీ బుక్ చేసేటప్పుడు తప్పు ఎయిర్‌పోర్టు పెట్టుకుంటే మాత్రం పని అయిపోయినట్టే.

అక్షాంశం, రేఖాంశం తీసుకోవుడు

గూగుల్ మ్యాప్స్‌ల ఎయిర్‌పోర్టు మీద వేలు కొంచెం సేపు ఒత్తి పట్టుకుంటే రెండు అంకెలు వస్తయ్. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

శంషాబాద్: ఉత్తరం 17.2403, తూర్పు 78.4294
దుబాయ్: ఉత్తరం 25.2528, తూర్పు 55.3644

ఇక్కడ ఒక్కటి జాగ్రత్త. కొన్ని చోట్ల 17 డిగ్రీల 14 నిమిషాలు అని రాస్తరు. దాన్ని 17.14 అని కొట్టొద్దు. 14ని 60తోటి భాగిస్తే 0.23 వస్తది, అంటే 17.23. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు కాబట్టి ఈ చిన్న పొరపాటుకే పది కిలోమీటర్లు పోతయ్. ఇంకోటి, అమెరికా లాంటి పడమటి రేఖాంశాలకి ముందు మైనస్ పెట్టాలె.

దూరం లెక్క: చేత్తో చేసే పద్ధతి

భూమి గుండ్రం. కాబట్టి రెండు ఊర్ల నడుమ దగ్గరి దారి అట్లాస్‌ల స్కేలు పెట్టి గీసిన గీత కాదు, గుండు మీద దారం గుంజి పట్టుకుంటే అది ఏ దారిన పడతదో అదే దగ్గరి దారి. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటరు.

ఫార్ములా ఇది, భయపడకండి:

కొసైన్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కొసైన్(అక్షాంశం 1) × కొసైన్(అక్షాంశం 2) × కొసైన్(రేఖాంశాల తేడా)

కాలిక్యులేటర్ తెరిచి ఫోన్ అడ్డం తిప్పితే చాలా ఫోన్లల్ల సైంటిఫిక్ బటన్లు వస్తయ్. కొట్టే ముందు అది డిగ్రీల మోడ్‌ల ఉందా రేడియన్ల ఉందా చూసుకోండి, కొసైన్ 60 కొట్టండి, 0.5 వస్తే డిగ్రీలు, సరిగ్గ ఉన్నట్టు. వేరే ఏదో వస్తే మోడ్ మార్చండి, లేకుంటే తర్వాత చేసిందంతా వేస్ట్.

ఇప్పుడు మన లెక్క. రేఖాంశాల తేడా 78.4294 లోంచి 55.3644 తీస్తే 23.065.

సైన్ 17.2403 = 0.2964, సైన్ 25.2528 = 0.4266. రెండూ గుణిస్తే 0.1264.
కొసైన్ 17.2403 = 0.9551, కొసైన్ 25.2528 = 0.9044, కొసైన్ 23.065 = 0.9201. మూడూ గుణిస్తే 0.7948.
రెండూ కూడితే 0.9212.

దీనికి ఇన్వర్స్ కొసైన్ కొడితే 22.9 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్థం 6371 కిలోమీటర్లు పెట్టుకుంటే ఒక డిగ్రీకి 111.19 కిలోమీటర్లు వస్తది. 22.9 × 111.19 = 2546 కిలోమీటర్లు. అయిపోయింది, హైదరాబాద్ నుంచి దుబాయ్ దూరం మీ చేత్తో మీరే కట్టిన్రు. ఏ వెబ్‌సైట్‌లనైనా కొట్టి చూడండి, కొద్దిపాటి తేడాతోటి ఇదే వస్తది. ఆ తేడా కూడా ఎందుకంటే భూమి పక్కా గుండు కాదు, ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటది, ఖచ్చితంగ చూసేటోళ్లు అది కూడా కలిపి లెక్క కడతరు. మనకి అంత అవసరం లేదు, ఈ పద్ధతిల తప్పు మహా అయితే నూటికి అర కిలోమీటరు.

సైన్లు కొసైన్లు మాతోని కాదు అనేటోళ్లకి ఇంకో దారి ఉంది. అక్షాంశాల తేడా 8.0125ని 111తోటి గుణిస్తే 889 కిలోమీటర్లు, ఇది ఉత్తరం దిక్కు జరిగిన దూరం. రేఖాంశాల తేడా 23.065ని 111తోటి గుణించి, రెండు ఊర్ల మధ్య అక్షాంశం అంటే దాదాపు 21.25, దాని కొసైన్ 0.932తోటి మళ్లా గుణిస్తే 2386, ఇది పడమర దిక్కు జరిగింది. (రేఖాంశాలు పైకి పోయే కొద్దీ దగ్గరైతయ్, భూమధ్యరేఖ కాడ 111 కిలోమీటర్లున్న డిగ్రీ 60 డిగ్రీల ఉత్తరాన సగానికి పడిపోతది, అందుకే ఈ కొసైన్.) ఇగ పైథాగరస్: 889 వర్గం, 2386 వర్గం కూడి వర్గమూలం తీస్తే 2546. గింత సింపుల్ లెక్క కూడా గింత దగ్గరికి వచ్చింది. ఢిల్లీ, ముంబై, గల్ఫ్ దాకా ఇది ధైర్యంగ వాడొచ్చు. అమెరికా, లండన్‌లకి మాత్రం వద్దు, వందల కిలోమీటర్లు తప్పుతది.

అమెరికా లెక్క వేరే ఎందుకంటే

మనోళ్ల పిల్లలు మస్తు మంది ఉండే డాలస్ తీసుకుందాం. కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ, ఉత్తరం 32.8968, పడమర 97.0380. రేఖాంశాల తేడా అంటే 78.43, 97.04 కూడాలె, తీసేయొద్దు, ఒకటి తూర్పు ఒకటి పడమర కదా. 175.47 వస్తది. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే కూడితే 200 దాటుతది, 180 దాటినప్పుడు 360 లోంచి తీసేయాలె.

డాలస్ దూరం పై ఫార్ములా ప్రకారం దాదాపు 14,420 కిలోమీటర్లు. కాని అసలు చూడాల్సింది ఆ దారి. ఆ 175 డిగ్రీల తేడా అంటే డాలస్ మనకి ఇంచుమించు భూమికి అవతలి పక్క. గుండు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం గుంజి పట్టుకుంటే అది యూరప్ దిక్కు పోదు, సీదా ఉత్తరానికి పోయి 85 డిగ్రీలు దాటి, అంటే ఉత్తర ధ్రువం పక్కనుంచి అవతలికి దిగుతది. గోడ మీద పటం చూసే అలవాటున్నోళ్లు దీన్ని నమ్మరు, పిల్లల దగ్గర గ్లోబ్ ఉంటే ఒక్కసారి దారం పెట్టి చూడండి.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నడుమ ఎక్కడనో ఒకచోట దిగి మారుతరు. దుబాయ్ మీదుగా అయితే 2546, ఆడికెళ్లి డాలస్‌కి ఇంకో 12,920, మొత్తం దాదాపు 15,470. అంటే సీదా దారికన్నా వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, గంటా గంటంబావు అదనం, ఇంత పెద్ద ప్రయాణంల అది పెద్ద లెక్క కాదు. సింగపూర్ మీదుగా పోయే టికెట్ చవక అని ఎవరన్నా చూపిస్తే మాత్రం ముందు ఇట్లనే రెండు ముక్కలు విడివిడిగ కట్టి కూడండి, అప్పుడు తెలుస్తది ఆ చవకకి ఎన్ని గంటలు కట్టాల్సి వస్తదో.

కొట్టుకునే ఓపిక లేనప్పుడు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అని ఒక సైట్ ఉంది, రెండు కోడ్‌లు నడుమ గీత పెట్టి కొడితే దూరం, దారి బొమ్మ రెండూ ఇస్తది. కంప్యూటర్‌ల గూగుల్ మ్యాప్స్ తెరిచి రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ తీసుకున్నా అదే వస్తది. ఒకసారి చేత్తో చేసినంక వీటిని వాడితే అంకె తప్పొస్తే పట్టుకోగలుగుతరు, అందుకే ముందు చేత్తో చేయమంటున్న. దూరం మైళ్లల్ల ఉందా కిలోమీటర్లల్లనా అది కూడా చూడండి, విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు, అది 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. మన 2546 కిలోమీటర్లు 1375 నాటికల్ మైళ్లు అయితది.

దూరం నుంచి టైం

చాలా మంది చేసేది ఏంటంటే విమానం స్పీడు 900 అని యాడనో చదివి దూరాన్ని దాంతోటి భాగిస్తరు. 2546ని 900తోటి భాగిస్తే 2 గంటల 50 నిమిషాలు వస్తది, టికెట్‌ల 4 గంటలు ఉంటది, ఇగ తికమక. నల్గొండ బస్సు హైవే మీద ఎంత ఉరికినా దిల్‌సుఖ్‌నగర్ కాడ, ఎంజీబీఎస్ బస్టాండ్‌ల చొరబడేకాడ పోయే టైం పోతనే ఉంటది కదా, విమానానికి కూడా అట్లనే మొదట్ల, చివర్ల కొంత టైం ఖాయంగ పోతది. గేటు కాడినుంచి వెనక్కి తోసి, రన్‌వే దాకా మెల్లగ పోయి, లైన్ల ఆగి, లేచి, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తుకి ఎక్కేటప్పుడు స్పీడు తక్కువ, దిగేటప్పుడు మళ్లా తక్కువ, దిగినంక గేటు దాకా మళ్లా మెల్లగ. పైగా గ్రేట్ సర్కిల్ మీద గీత గీసినట్టు పోరు, ఆకాశంల కూడా రూట్లు ఉంటయ్, వాటి ప్రకారం వంకర పోవాలె, దానికి నూటికి మూడు నుంచి ఐదు కిలోమీటర్లు అదనం.

ఇవన్నీ కలిపి నేను వాడే లెక్క ఇది. మామూలు ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి వాటికి దూరాన్ని 800తోటి భాగించి 40 నిమిషాలు కలపండి. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానాలకి 850తోటి భాగించి అదే 40 కలపండి. చిన్న పంకాల విమానం ఏటీఆర్ అయితే 480తోటి భాగించి అరగంట కలపండి. 800 ఎందుకంటే ఏ320 పైన నిలకడగ 830 దాకా పోతది, వంకర దారికి ఆ ముప్పై తగ్గించిన.

చూద్దాం సరిపోతదో లేదో. ఢిల్లీ 1266 కిలోమీటర్లు: 1.58 గంటలు, అంటే గంట 35 నిమిషాలు, 40 కలిపితే 2:15. ముంబై 623: 47 నిమిషాలు, 40 కలిపితే గంట 27. తిరుపతి 419 కిలోమీటర్లు, ఏటీఆర్‌ల పోతే 52 నిమిషాలకి 30 కలిపి గంట 22. టికెట్లు తీసి చూడండి, అటు ఇటు పది నిమిషాలల్ల ఉంటయ్. ముంబై లెక్క గమనించిన్రా, ఎగిరే దూరానికి 47, మిగతా వాటికి 40, దగ్గర దగ్గర సగం టైం పైన నిలకడగ ఎగరనీకి కానే కాదు.

ఇక్కడ ఒక చిన్న తప్పు అందరూ చేస్తరు. 3.18 గంటలు అంటే 3 గంటల 18 నిమిషాలు కాదు. 0.18ని 60తోటి గుణించాలె, 11 నిమిషాలు. దుబాయ్ లెక్క 2546 భాగించు 800 అంటే 3.18, అంటే 3:11, దానికి 40 కలిపితే 3:51.

పైలట్ మైకుల "మన ప్రయాణ సమయం 3 గంటల 20 నిమిషాలు" అంటే టికెట్‌ల 4 గంటలున్నది చూసి తొందరగ చేరుతున్నం అనుకోకండి, ఆయన చెప్పేది గాల్లో ఉండే టైం, టికెట్‌ది గేటు నుంచి గేటు దాకా. కంపెనీలు లేటు అనిపించుకోవద్దని టికెట్ టైంల కొంచెం ఎక్కువ కూడా పెట్టుకుంటయ్.

గాలి: పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు

భూమి తిరుగుతది కాబట్టి అట్ల అయితదని చెప్పేటోళ్లు ఉన్నరు, అది కారణం కాదు, భూమితోటి గాలి కూడా తిరుగుతది, దాంట్లనే విమానం ఉంటది. అసలు కారణం పైన వీచే గాలి. విమానాలు పోయే ఎత్తుల గాలి ఎక్కువగ పడమర నుంచి తూర్పుకి వీస్తది, చలికాలంల ఉత్తరాది మీద, గల్ఫ్ దిక్కు జెట్ స్ట్రీమ్ అనే గట్టి గాలి అయితే గంటకి 150, 200 కిలోమీటర్ల స్పీడు కూడా ఉంటది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి.

అంకెలల్ల చూస్తే, వంకర దారి కలిపి దుబాయ్‌కి 2650 కిలోమీటర్లు అనుకుందాం, విమానం స్పీడు 830, గాలి సగటున 60 మాత్రమే. పోయేటప్పుడు 830 లోంచి 60 తీస్తే 770, 3 గంటల 26 నిమిషాలు. వచ్చేటప్పుడు 890, 2 గంటల 59 నిమిషాలు. ఉత్త 60 కిలోమీటర్ల గాలికే 27 నిమిషాల తేడా. వానకాలంల మన దక్షిణాది మీద పై గాలి తూర్పు నుంచి పడమరకి మళ్లుతది, అప్పుడు ఈ తేడా తగ్గుతది. లండన్ 7750 కిలోమీటర్లు, లెక్కకి 9:47 వస్తది, పోయేటప్పుడు 10 గంటలు దాటుతది, వచ్చేటప్పుడు తొమ్మిదింటి పైన చిల్లర.

గాలి తర్వాత ఆకాశం మూసివేతలు. పాకిస్తాన్ తన ఆకాశాన్ని 2019ల ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా మూసింది, మళ్లా 2025 ఏప్రిల్‌ల మన దేశపు విమానాలకి మూసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవాల్సొచ్చి గంటలు పెరిగినయ్. అసుంటప్పుడు ఏ ఫార్ములా పనిచేయదు, విమానాలు యాడున్నయో చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్‌ల ఫ్లైట్ నంబర్ కొట్టి గత కొన్ని రోజులు అది నిజంగ ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో చూడుడే సరైన పని. నేనైతే మామూలు రోజుల్ల కూడా చివరికి దాంతోటి సరిచూసుకుంట.

గడియారం లెక్క

మొత్తం లెక్కల మనోళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. పద్ధతి ఒక్కటే: అన్నిటినీ మన టైంలకి మార్చుకొని కూడి, చివర్ల ఆ ఊరి టైంలకి మార్చాలె. నడుమల మార్చొద్దు.

దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. దోహా, సౌదీ రెండున్నర గంటలు వెనక. సింగపూర్ రెండున్నర ముందు. లండన్ చలికాలం ఐదున్నర, ఎండకాలం నాలుగున్నర వెనక. డాలస్ ఎండకాలం పదిన్నర, చలికాలం పదకొండున్నర వెనక, వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరిపి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతరు.

మొదట చెప్పిన టికెట్ తీసుకోండి. 10:00కి 4 గంటలు కలిపితే మన టైం 2:00, గంటన్నర తీస్తే దుబాయ్‌ల 12:30. వచ్చేటప్పుడు దుబాయ్ రాత్రి 10:00 అంటే మన టైం 11:30, మూడున్నర కలిపితే తెల్లారుజామున 3:00. టికెట్ మీద ఆ 3:00 పక్కన చిన్నగ ప్లస్ 1 అని ఉంటది, అంటే తారీఖు మారింది.

డాలస్‌కి బిడ్డ కాన్పు కోసం పోయే అమ్మనాయినల ప్రయాణం ఇట్ల ఉంటది అనుకుందాం, జూన్ నెల. 10:00కి శంషాబాద్‌ల లేచిన్రు, దుబాయ్‌ల 12:30కి దిగిన్రు, మూడు గంటలు ఆగి 3:30కి మళ్లా ఎక్కిన్రు, అప్పుడు మన టైం సాయంత్రం 5:00. 12,920ని 850తోటి భాగించి 40 నిమిషాలు కలిపితే 15:52, 16 గంటలే అనుకోండి. మన టైం మర్నాడు పొద్దున 9:00కి దిగుతరు. పదిన్నర తీస్తే డాలస్‌ల బయలుదేరిన రోజే రాత్రి 10:30. గడియారం చూస్తే 12 గంటల 30 నిమిషాలే పోయినట్టు ఉంటది, ఒంటికి మాత్రం 23 గంటలు పడతయ్. బీపీ, షుగర్ గోళీలు వేసుకునేటోళ్లకి ఇది చాలా ముఖ్యం, ఆ గడియారం చూసి కాదు, 23 గంటల లెక్కన చేతి సంచిల పెట్టుకోవాలె, ఏ గోళీ ఎప్పుడు అన్నది డాక్టర్‌ని ముందే అడిగి మన టైంలనే ఒక కాగితం మీద రాసి ఇయ్యండి.

ఇంటి నుంచి ఇంటికి

విదేశీ ఫ్లైట్‌కి 3 గంటల ముందు, దేశంల తిరిగేదానికి 2 గంటల ముందు ఎయిర్‌పోర్టుల ఉండాలె. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, పంతంగి టోల్, పెద్ద అంబర్‌పేట కాడ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్, రెండు రెండున్నర గంటలు పెట్టుకోండి. సంక్రాంతికి పంతంగి కాడ బండ్లు ఎట్ల నిలవడతయో తెలిసిందే కదా, ఆ నాలుగైదు రోజులు ఇంకో గంటన్నా ఎక్కువ. దేవరకొండ దిక్కోళ్లు ఇబ్రహీంపట్నం మీదుగ వస్తరు. మహబూబ్‌నగర్ వాళ్లకి మస్తు సుఖం, జడ్చర్ల, రాయికల్ టోల్, షాద్‌నగర్, సీదా శంషాబాద్, గంటన్నర చాలు. అంటే నల్గొండ నుంచి 10:00 దుబాయ్ ఫ్లైట్‌కి తెల్లారుజామున నాలుగున్నరకే బండి కదలాలె, 4 గంటల ప్రయాణానికి ముందు ఐదున్నర గంటలు.

అర్ధరాత్రి దాటి ఉండే ఫ్లైట్లకి తారీఖు రెండుసార్లు చూడండి. 15వ తారీఖు 00:30 అంటే 14 రాత్రి అన్నం తిని బయలుదేరాలె. 15 రాత్రి పోతే ఆ విమానం పోయి ఇరవై నాలుగు గంటలు అయి ఉంటది, టికెట్ పైసలు చాలా మటుకు పోతయ్. ఎవరికన్నా టికెట్ కొనిచ్చినప్పుడు "ఫలానా రోజు రాత్రి ఇన్నింటికి ఇంట్ల నుంచి వెళ్లాలె" అని వారం పేరుతో సహా రాసి పంపండి, ఉత్త టికెట్ ఫోటో పంపి ఊరుకోకండి.

తీసుకురానీకి పోయేటోళ్ల లెక్క వేరే. 3:00కి దిగితే ఇమిగ్రేషన్, సామాన్లు, కస్టమ్స్ అయి బయటికి వచ్చేసరికి 4:00 అయితది. నల్గొండ నుంచి ఒకటిన్నరకి కదిలితే సరిపోతది, పదకొండింటికే పోయి పార్కింగ్‌కి పైసలు కట్టుకుంట కూర్చోవాల్సిన పని లేదు. బయలుదేరే ముందు ఫ్లైట్ నంబర్ కొట్టి చూడండి, దుబాయ్‌ల అది నిజంగ ఎన్నింటికి లేచిందో తెలిస్తే దానికి మూడున్నర గంటలు, ఆ తర్వాత గంటన్నర తేడా కలుపుకోండి, దిగే టైం మీకే తెలిసిపోతది.